నాన్న మోసిన నింద

కిందటి వారం కథలో చిన్నోడిని సైకిల్ దుకాణం గడప దగ్గర నిలబెట్టి వదిలేశాం. లోపలికి వెళ్ళాలా, వచ్చిన దారినే పోవాలా తేల్చుకోలేక తలుపు చెక్క మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషిని ఇంకా చిన్నోడని పిలిచే చోటు లోకంలో అదొక్కటే మిగిలింది. ఆ చోటికి రాక పాతికేళ్ళు దాటిపోయింది.

రప్పించింది కాలు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. లిఫ్టు ఆగిపోయిందని కబురు పెట్టేవాళ్ళు మెకానిక్ పై అంతస్తుకి ఎలా ఎక్కుతాడన్నది ఆలోచించరు. కొంతకాలంగా రెండో అంతస్తు దాటేసరికి ఎడమ పిక్క పట్టేసేది. కాసేపు నిలబడితే వదిలేసేది. వయసు అనుకున్నాడు, బూట్లు బిగుతు అనుకున్నాడు. బొటనవేలి మీద చిన్న పుండు లేచి, ఎన్ని మందులు రాసినా మానకపోయేసరికి కూతురు చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. తొడ దగ్గర రక్తనాళం బాగా సన్నబడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. సిగరెట్ ఈ రోజే మానాలి, లేకపోతే కాలు నిలవదు అంది. ఆ తరువాత ఆవిడ అడిగిన ప్రశ్నే అతన్ని ఇక్కడిదాకా తరుముకొచ్చింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా?"

"లేదండీ. మా అన్నయ్యకి ఒక కాలు లేదు గానీ, అది సైకిల్ పందెంలో పడిపోయి..."

"అప్పుడు వయసెంత?"

"ఇరవై ఆరు."

"సిగరెట్లు తాగేవారా?"

చిన్నోడు నవ్వాడు. "మా ఇంట్లో అమ్మ తప్ప తాగనిదెవరండీ!"

డాక్టరమ్మ నవ్వలేదు. కలం మూసి పక్కన పెట్టింది. "పడినప్పుడు ఎముక విరిగిందా అని ఆయన్ని ఒకసారి సరిగ్గా అడిగి రండి" అంది.

అడగడానికే వచ్చాడు. తలుపు తోశాడు.

ముందు వాసన ఎదురొచ్చింది. పంక్చర్లు అతికించే జిగురు, గొలుసులకు పూసే గ్రీజు, కొత్త టైర్ల రబ్బరు. కళ్ళు మూసుకుంటే తనకి పదేళ్ళు. సాయంత్రం పని ముగించి, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, నాన్న స్టూలు మీద కూర్చుని సిగరెట్ వెలిగించేవాడు. రేకు కప్పుకి ఉన్న చిల్లులోంచి దిగే ఎండ ఆ పొగలో కర్రలా నిలబడేది. నాన్న నోటితో రింగులు వదిలేవాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ వాటిలో వేలు దూర్చడానికి ఎగిరేవాళ్ళు. "ఆ పొగంతా పిల్లల ముక్కుల్లోకే పోతోంది" అని అమ్మ లోపల్నుంచి అరిచేది. "పోనీలే, దోమలు కుట్టవు" అనేవాడు నాన్న.

అన్నయ్య మొదటి కప్పు గెలిచిన సాయంత్రం ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి, అందరి ముందు, నాన్న తన పెట్టెలోంచి ఒక సిగరెట్ తీసి అతని నోట్లో పెట్టి తనే వెలిగించాడు. "పెద్దోడివయ్యావురా!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నయ్య దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే ఇంకా గట్టిగా కొట్టారు. చిన్నోడికి ఆ రోజు అన్న మీద పుట్టిన అసూయ ఇంతా అంతా కాదు.

అన్ని వాసనలూ ఉన్నాయి, పొగ వాసన ఒక్కటే లేదు. ఎందుకో ఆ లోటు అతనికి ముల్లులా తగిలింది.

"ఎవరూ?" దుకాణం వెనక భాగంలోంచి ఆడగొంతు వినిపించింది.

వదిన. ఒక చక్రాన్ని ఇనుప స్టాండుకి బిగించి, తిప్పుతూ, వంకర ఎక్కడుందో చూసి చువ్వలు బిగిస్తోంది. అతన్ని చూసి కాసేపు గుర్తుపట్టలేదు. పట్టాక చేతిలో పని ఆగిపోయింది. చక్రం మాత్రం దానంతటది తిరుగుతూనే ఉంది.

"చిన్నోడా! నీ జుట్టంతా ఏమైంది?"

"ఇన్నేళ్ళకి కనబడితే అడిగేది అదేనా, వదినా?"

"మరి ముందు కనబడింది అదే కదా!" అని నవ్వబోయి, నవ్వు సగంలో వణికి, కొంగుతో మొహం తుడుచుకుంది. నాన్న కూర్చునే స్టూలు లాగింది. "కూర్చో. మీ అన్నయ్య టైర్ల కోసం బజారుకి వెళ్ళారు. వచ్చే వేళైంది."

చిన్నోడు ఆ స్టూలు మీద కూర్చోలేదు. పక్కనున్న చెక్క పెట్టె మీద కూర్చున్నాడు. వదిన అది గమనించింది. మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, నేల వైపు చూస్తూ అడిగాడు.

"వదినా, ఆ రోజు పందెంలో పడ్డప్పుడు అన్నయ్య ఎముక విరిగిందా?"

"ఇప్పుడెందుకు అవన్నీ?"

అతను ఎడమ బూటు విప్పాడు. మేజోడు నెమ్మదిగా లాగి, కట్టు సడలించి, పాదం ముందుకు చాపాడు.

వదిన వంగి చూసింది. బొటనవేలి చివర పుండు, దాని చుట్టూ ఊదారంగు తిరిగిన చర్మం. అరచేతిని పాదం మీద ఆనించింది. వెంటనే రెండో పాదాన్ని కూడా తాకి చూసింది. అలా ఎవరు నేర్పారో ఆవిడకి?

"ఇది చల్లగా ఉంది. అది వెచ్చగా ఉంది" అంది. "సిగరెట్లు తాగుతావా నువ్వు?"

"తాగుతాను."

"ఎప్పటినుంచి?"

"ఇక్కడున్నప్పటినుంచే. దొంగచాటుగా."

వదిన నేల మీదే కూలబడినట్టు కూర్చుంది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు.

ఆ గంట చప్పుడుకి చిన్నోడికి పందెం రోజు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. వాన. మైదానం చుట్టూ గొడుగులు. అన్నయ్యని ఊళ్ళో అందరూ బాణం అని పిలిచేవాళ్ళు. ఆ బాణం చెక్క బల్ల మీద కూర్చుని పాదం నొక్కుకుంటూ, "నాన్నా, బాగా లాగేస్తోంది. ఈ ఒక్కసారి వదిలేస్తాను" అన్నాడు. "ఊరంతా తడుస్తూ కూర్చుంది నీ కోసం. నాలుగు చుట్లేగా, లేవరా" అన్నాడు నాన్న. లేచాడు. మూడో చుట్టు మలుపులో చక్రం జారింది. నెల తిరిగి ఇంకొన్ని రోజులు గడిచాక మోకాలి కింద కాలు తీసేశారు. ఆసుపత్రి వరండాలో పదిమంది ముందు చిన్నోడు తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "నీ పేరు కోసం వాడి కాలు తినేశావు! ఇప్పుడు కడుపు నిండిందా?" అన్నాడు. నాన్న ఒక్క మాట అనలేదు. తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వారమే చిన్నోడు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు. తండ్రి పోయినప్పుడు కూడా వీధి మొదట్లో నిలబడి చూసి, అట్నుంచి అటే వెనక్కి తిరిగాడు.

"విరగలేదు" అంది వదిన.

"ఏంటి?"

"ఎముకా విరగలేదు, ఇంకేమీ విరగలేదు. పడ్డప్పుడు కాలివేలు కాస్త గీసుకుపోయింది. అంతే. అలాంటి దెబ్బలు ఈ దుకాణంలో వారానికి రెండు తగులుతాయి."

"మరి కాలెందుకు తీశారు?"

"ఆ పాదంలోకి రక్తం రావడం అంతకుముందే ఆగిపోయింది కాబట్టి." వదిన ఒక్కో మాటా కూడదీసుకుంటూ చెప్పింది. "పందేనికి చాలా ముందునుంచే అరికాలు లాగేసేది ఆయనకి. చలికి వేళ్ళు తెల్లగా పాలిపోయి, తరువాత నీలంగా తిరిగేవి. పడుకుంటే నొప్పి. మంచం మీంచి కాలు కిందకి వేలాడేస్తే కాస్త తగ్గేది. కొత్త పెళ్ళికూతుర్ని నేను, అదేదో సైకిల్ తొక్కేవాళ్ళకి మామూలే అనుకున్నాను. పడ్డాక ఆ గీత మానలేదు. నల్లబడింది. అప్పుడు పెద్దాసుపత్రి డాక్టరు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పాడు."

"ఏమని?"

"సిగరెట్ అని. దమ్ము లాగిన ప్రతిసారీ నాళాలు బిగుసుకుంటాయట. రక్తం మోసుకెళ్ళాల్సిన ప్రాణవాయువు చోట్లో పొగలో ఉండే విషవాయువు ఎక్కి కూర్చుంటుందట. రక్తం కూడా ఊరికే గడ్డలు కడుతుందట. అందరికీ ఒకేలా రాదు. కొందరికి గుండెకి, కొందరికి మెదడుకి. కుర్రతనంలోనే ఇలా చేతుల్లో కాళ్ళల్లో సన్న నాళాలు వాచి మూసుకుపోయేది కొద్దిమందికే. ఆ కొద్దిమందిలో మీ అన్నయ్య ఒకరు. గీత మానాలంటే అక్కడికి రక్తం చేరాలి కదా చిన్నోడా. చేరలేదు."

"అయితే పందెంలో..."

"పందెం లేకపోయినా ఆ కాలు పోయేదే. ఆ రోజు కాకపోతే ఇంకో రోజు, ఏ గుమ్మమో తగిలి. 'ఇప్పుడు పూర్తిగా మానేస్తే వేలితో పోవచ్చు' అన్నాడు డాక్టరు. మానలేదు. ఆసుపత్రి మెట్ల కింద నక్కి కాల్చేవారు. ముందు వేలు, తరువాత సగం పాదం, తరువాత..."

చిన్నోడు పెట్టె అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు. "నాన్నకి ఇదంతా తెలుసా?"

"పక్కనే కూర్చుని విన్నారు."

"మరి నేను అన్ని మాటలంటుంటే నోరు మూసుకుని ఎందుకు పడ్డాడు? నా చెంప పగలగొట్టి నిజం చెప్పొచ్చు కదా!"

"నువ్వు అరిచి వెళ్ళాక మీ అన్నయ్య మంచం దిగబోయారు. 'వాణ్ణి పిలవండి, నేనే చెప్తాను' అని. మామయ్యగారు భుజం పట్టుకుని ఆపారు. ఆయనన్న మాటలు నాకింకా చెవిలో ఉన్నాయి. 'వాడికి నువ్వంటే ఎంతో గొప్ప. బాణం పందెంలో కాలు పోగొట్టుకున్నాడని ఊరంతా చెప్పుకోనీ. సిగరెట్‌కి పోగొట్టుకున్నాడని చెప్పుకుంటే నీకేం మిగుల్తుంది? తిడితే నన్నే తిట్టనీరా. ఆ మొదటిది నీ నోట్లో పెట్టి వెలిగించింది నేను. వాడన్న మాటలు నావే, వాటిని నేనే ఉంచుకుంటాను' అన్నారు." వదిన కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి వరండాలో చెత్తబుట్టలో వేశారు. పోయేదాకా మళ్ళీ ముట్టుకోలేదు."

దుకాణంలో పొగ వాసన ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది చిన్నోడికి.

చొక్కా జేబులోకి చెయ్యి వెళ్ళింది, అలవాటుగానే. సిగరెట్ పెట్టె బయటికి తీసి చూసుకున్నాడు. వదిన కూడా చూసింది.

"అదే రకం! మామయ్యగారిది! ఇంకా దొరుకుతోందా?"

"ఎక్కడో ఒక కొట్లో దొరుకుతుంది. వెతుక్కుని వెళ్ళి కొంటాను." తండ్రి పేరెత్తితే మండిపడే మనిషి, పరాయి ఊళ్ళల్లో, లిఫ్టు గదుల్లో నూనె మరకల మధ్య ఒంటరిగా నిలబడి, ఈ సిగరెట్టే వెలిగించేవాడు. ఒక్క దమ్ముకి రేకు కప్పులోంచి ఎండ దిగేది. నాన్న స్టూలు మీద కూర్చునేవాడు. మనిషిని దూరం పెట్టి అతని వాసనని మాత్రం ఇన్నేళ్ళుగా ఒంట్లోకి పీల్చుకుంటున్నాడు తను. తిరిగి ఇంటికి రావడానికి అతనికి తెలిసిన దారి అదొక్కటే అయింది.

"మానేశానని మా అమ్మాయికి చెప్పాను" అన్నాడు మెల్లగా. "వీధి చివర ఇందాకే ఒకటి కాల్చాను. లోపలికి రావడానికి ధైర్యం చాలక."

వదిన చెయ్యి చాచింది. అతను పెట్టె ఆవిడ చేతిలో పెట్టాడు.

అప్పుడే వీధి వైపు నుంచి ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు తేలిగ్గా పడుతున్న చప్పుడు వినిపించింది. రెండు భుజాల మీదా టైర్లు దండల్లా వేసుకుని అన్నయ్య లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది, పెట్టుడు కాలు మాత్రం బూటుతో సహా నిగనిగలాడుతోంది. తమ్ముడిని చూశాడు. బూటు లేని పాదాన్ని చూశాడు. భార్య చేతిలోని సిగరెట్ పెట్టెని చూశాడు. టైర్లు ఒక్కొక్కటే దింపి గోడకి ఆనించాడు.

"చెప్పేశావా?"

"చెప్పేశాను" అంది వదిన. "తిడితే తిట్టండి. మామయ్యగారికి ఇచ్చిన మాట కంటే ఆ కాలు ముఖ్యం నాకు."

అన్నయ్య తిట్టలేదు. తమ్ముడి వైపు తిరిగాడు. "నువ్వు ఇన్నేళ్ళు రాకపోతే ఏమనుకున్నానో తెలుసా? నేలకూలిన బాణాన్ని చూడ్డం వాడికి ఇష్టం లేదేమో అనుకున్నాను."

చిన్నోడిలో ఏదో తెగింది. "నాకొక్కడికైనా చెప్పాల్సింది అన్నయ్యా! చెప్పి ఉంటే నేను అప్పుడే మానేసేవాణ్ణి! నాన్నతో మాట్లాడేవాణ్ణి! ఇద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు!"

"నాన్నతో మాట్లాడేవాడివి. అది నిజం. ఆ పాపం నాది." అన్నయ్య స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు. "కానీ సిగరెట్ మానేసేవాడివా? నాకు డాక్టరు మొహం మీద చెప్పాడు. నేను మానానా? వేలు పోయినా మానలేదు. రెండో కాలు కూడా చల్లబడటం మొదలైంది చూడు, అప్పుడు మానాను. మానాక అది నిలిచింది. ఇదిగో, నన్ను బజారుదాకా తీసుకెళ్ళి తీసుకొచ్చింది."

చిన్నోడు చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"నాన్న నన్ను ఎప్పుడైనా తలుచుకునేవాడా?"

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు అచ్చం నాన్నదే. "నీ సైకిల్‌కి వారం వారం గాలి కొట్టేవాడు. ఎవరూ తొక్కని సైకిల్‌కి గాలెందుకు నాన్నా అంటే, 'పంక్చర్లు వేసేవాడి కొడుకు వచ్చి, గాలి లేని సైకిల్ నడిపించుకుంటూ పోతే నా పరువేం కానురా!' అనేవాడు."

చిన్నోడు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. చేతుల్లో మొహం దాచుకుని, ఇన్నేళ్ళ ఏడుపు ఏడ్చాడు. అన్నయ్య అతని వీపు మీద చెయ్యి వేసి, ఆపమనకుండా, అలాగే కూర్చున్నాడు.

"ఎక్కడుంది ఆ సైకిల్?" అంటూ చివరికి లేచాడు చిన్నోడు.

రెండడుగులు వేశాడు. మూడోది వేయలేకపోయాడు. పిక్కలో ఎవరో కత్తి దింపినట్టయింది. ఎప్పుడూ వచ్చే నొప్పి కాదది. ఆగితే తగ్గే నొప్పి అసలే కాదు. గోడ పట్టుకోబోయి అందక కింద పడ్డాడు.

"పట్టేసిందా? కాసేపు ఆగు, వదిలేస్తుంది" అంది వదిన పరుగెత్తుకొచ్చి.

"వదలట్లేదు... పాదం ఉన్నట్టే తెలియడం లేదు..."

అన్నయ్య పెట్టుడు కాలు పక్కకి చాపి నేల మీదికి దిగాడు. పాదం సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంది. పాదం మీద వేళ్ళు ఆనించాడు. చీలమండ వెనక ఆనించాడు. మోకాలి వెనక కూడా వెతికాడు. అతని మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"నాడి లేదు. ఎక్కడా లేదు" అన్నాడు. "పక్క ఫర్నిచర్ కొట్టు వ్యాన్ పిలువు. పరుగెత్తు!"

వ్యాన్‌లో కొత్త కుర్చీల మధ్య పడుకోబెట్టి, చిన్నోడు చూపించుకుంటున్న ఆసుపత్రికే తీసుకెళ్ళారు. దారి పొడవునా అన్నయ్య ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు తగలకుండా రెండు చేతుల్తో పట్టుకున్నాడు. రుద్దబోయిన వదిన చేతిని, రుద్దకూడదంటూ తోసేశాడు. చిన్నోడు పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి మాత్రం "నాన్నా" అన్నాడు.

డాక్టరమ్మ చూసిన వెంటనే స్ట్రెచర్ లోపలికి తోయించింది. నొప్పికి సూది వేశారు. రక్తం పలచబడే మందు ఎక్కించారు. కాసేపటికి ఆవిడ బయటికి వచ్చింది.

"రక్తపు గడ్డ వచ్చి నాళానికి పూర్తిగా అడ్డంపడింది. వెంటనే తీయాలి. తీస్తాం. కానీ లోపల కండ అప్పటికే చచ్చిపోయి ఉంటే దాన్ని అలా వదిలేస్తే ప్రాణానికే ముప్పు. అలాంటప్పుడు కాలు తీసేయాల్సి వస్తుంది. దానికి మీరు ఒప్పుకుంటున్నట్టు ఇప్పుడే చెప్పాలి. ఆయన మందు మత్తులో ఉన్నారు. మీరేమవుతారు?"

"అన్నయ్యని."

ఆవిడ చూపు అతని కాలి మీద పడింది. ఒక్క క్షణం ఆగింది. ఎవరి గురించి అడిగి రమ్మందో గుర్తొచ్చినట్టుంది.

వదిన పక్కన నిలబడి చిన్నోడి ఫోన్‌లోంచే అతని కూతురికి కాల్ చేస్తూనే ఉంది. అవతల మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

అన్నయ్యకి ఇంకో వరండా గుర్తొచ్చింది. తను మత్తు సూది కింద తేలిపోతూ, "నాన్నా, వద్దను, వద్దని చెప్పు" అని బతిమాలడం గుర్తొచ్చింది. నాన్న తన వైపు చూడకుండా డాక్టరుకి సరేనని తల ఊపడం గుర్తొచ్చింది. దానికి తను నాన్నని క్షమించడానికి చాలా కాలం పట్టింది. ఆ సంగతి వదినకి కూడా తెలియదు.

స్ట్రెచర్ కదిలింది. పక్కనుంచి పోతుండగా చిన్నోడి వేళ్ళు వచ్చి అన్న మణికట్టుని పట్టుకున్నాయి. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అన్నయ్యా... తీయనివ్వనని చెప్పు. నాకు మాటివ్వు."

"టైం లేదండీ" అంది డాక్టరమ్మ. "సరేనంటారా, వద్దంటారా?"

అన్నయ్య తమ్ముడి వేళ్ళని ఒక్కొక్కటే విడదీశాడు. అతని వైపు చూడకుండా డాక్టరమ్మ వైపు తిరిగి, నోరు తెరిచాడు.